మా అక్క హోటల్ ఎంగిలికి పెట్టిన పరీక్ష

కోటబొమ్మాళి స్టేషన్‌కు ఎదురుగా మా అక్కకు ఒక భోజన హోటల్ ఉండేది. దానికి బోర్డు లేదు. పెంకుల సందుల్లోంచి లేచే పొగే దాని బోర్డు. ఆ పొగ టెక్కలి దాకా కనిపించేదంటే మీరు నమ్మరు, అందుకని పలాస దాకా కనిపించేదని చెబుతాను. పాసింజరు రైలు డ్రైవర్లు సిగ్నల్‌ను కాకుండా మా అక్క పొయ్యిని చూసి బ్రేకు వేసేవారని స్టేషన్లో ఒక వాదన ఉండేది. ఆ వాదన పుట్టించింది నేనే గానీ, నిలబెట్టింది మాత్రం పొగే.

హోటల్‌కు వచ్చే గ్యాసు సిలిండరు టిఫిన్లకే చాలేది కాదు. రెండు బంతుల అన్నం, పప్పు, కోడికూర అంతా సరుగుడు కట్టెల మీదే. వానాకాలంలో ఆ కట్టెలు మండేవి కావు, ఏడ్చేవి. వాటితోపాటు మా అక్కా ఏడ్చేది. ఏడాది పొడవునా ఆమె కళ్ళు పండు మిరపకాయల్లా ఉండేవి. ఆదివారం చర్చిలో ప్రార్థనకు కళ్ళు మూయగానే బుగ్గల మీద రెండు కాలువలు పారేవి. పాస్టరు గారు అదంతా తన ప్రసంగ ప్రభావమని మురిసి ఇంకో అరగంట పొడిగించేవారు. ఇంటికెళ్ళి కూర వండుకోవాల్సిన సంఘం ఆడవాళ్ళందరికీ అందువల్ల మా అక్క పొయ్యి మీద పగ.

నేను నవ్వులాటకు చెబుతున్నాను గానీ, శ్రీకాకుళంలో కళ్ళ డాక్టరు నవ్వలేదు. "పొగ మానెయ్యమ్మా, లేకపోతే చూపు దెబ్బతింటుంది" అని కచ్చితంగా చెప్పేశాడు. పొగ మానాలంటే పొయ్యి మానాలి. పొయ్యి మానాలంటే హోటల్ మానాలి. హోటల్ మానేసిన మా అక్కను ఊహించుకోవడం దేవుడికి కూడా కష్టం.

రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో మాట ఇది. నేను అప్పుడు విజయనగరం పొలిమేరలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. ఒకసారి అక్క మా ఇంటికి వచ్చినప్పుడు ఆమెను నెల్లిమర్ల దగ్గర నాకు తెలిసిన ఒక పాడిరైతు ఇంటికి తీసుకెళ్ళాను. పాలకోసం వెళ్ళాం, అక్కడ పాలు మరిచిపోయాం. పెరట్లో ఇటుకల గొయ్యి, గొయ్యిలో పేడనీళ్ళు, వాటి మీద బోర్లించిన పెద్ద డ్రమ్ము. డ్రమ్ములోంచి ఒక గొట్టం వంటింట్లోకి. ఆ ఇంటావిడ పొయ్యి తిప్పి అగ్గిపుల్ల చూపించగానే నీలంగా వెలిగింది. పొగ లేదు, మసి లేదు. మా అక్క ఆ మంట ముందు ఎంతసేపు నిలబడిందంటే, వాళ్ళింట్లో పాలు కాగి, పొంగి, చల్లారి, తోడుకుని పెరుగయ్యాయి.

తిరిగొస్తూ ఆటోలో ఒకటే మాట. "ఒరే, మనకి ఆవుల్లేవు. ఎంగిలుంది కదరా. దినానికి ఎన్ని బకెట్లు పారబోస్తన్నాను! దాంతోటి రాదేటి?"

"వస్తుందక్కా. అన్నం కూడా గ్యాసు ఇస్తుంది" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు తెలియని విషయం ఏమిటంటే, గొయ్యి తవ్వడానికి ఆ హోటల్ పెరట్లో ఒకే ఒక్క జాగా ఉంది. ఆ జాగాలో మా బావ పేకాట పాక ఉంది.

ఆ పాక గురించి చెప్పాలి. నాలుగు తాటిదుంగలు, పైన తాటాకు కప్పు, కింద ఒక చాప. చూడ్డానికి అంతే. కానీ మా బావకు అది అసెంబ్లీ, ఆస్పత్రి, అత్తారిల్లు. హోటల్లో రెండో బంతి లేవగానే ఆయన గల్లాపెట్టె మూసి అక్కడికి చేరేవాడు. ఆయన జట్టు ముగ్గురూ అప్పటికే చాప మీద ఉండేవారు. ఊళ్ళో తుపాను వస్తే ముందు ఆ పాకకు తాడు కట్టి, తర్వాతే ఇంటి పెంకుల సంగతి చూసేవారు.

అక్క విషయం చెప్పింది. చెప్పకూడని చోట, అంటే ఆట మధ్యలో, పాకలోనే చెప్పింది.

మా బావ ముక్కలు ఛాతీకి ఆనించుకుని తలెత్తాడు. "ఒసే, ఎంగిలాకుల్లోంచి గేసేటొస్తాదే? కంపొస్తాది. దోమలొస్తాయి."

"నెల్లిమర్ల కాడ పేడలోంచి రాలేదేటి? నా కళ్ళతోటి సూసినాను."

"పేడంటే పేడ. ఆవు తిని, నమిలి, సగం పని సేసి పంపిస్తాది. నీ ఎంగిల్ని ఎవుడు నమిలి పెడతాడు?"

"నువ్వున్నావు కదా, కూకొని నమలడానికి."

జట్టు ముగ్గురూ ముక్కలతో మొహాలు కప్పుకుని నవ్వారు. బావకు పౌరుషం వచ్చింది. నా వైపు తిరిగాడు. "ఏటి బావమరిదీ, నువ్వు కాలేజీలో సీసాలు కడుగుతావు కదా..."

"పాఠం చెబుతాను బావా."

"అదే, సీసాల పాఠం. మీ సీసాల్లో పెట్టి సూడు. పేడ కన్నా మా ఎంగిలి ఎక్కువ గేసిచ్చినాదా, ఈ పాక నా సేత్తో నానే పీకీస్తాను. ఇవ్వలేదా, మీ అక్క గేసన్న మాట మళ్ళీ ఎత్తకూడదు. ఈ ముగ్గురే సాచ్చులు."

"ఒప్పుకున్నాను" అంది అక్క. "ప్రభువు నా పచ్చాన ఉంటాడు."

"ప్రభువుకి పేకాట రాదు కదా మరి" అన్నాడు జట్టులో ఒకాయన. అక్క చూసిన చూపుకు ఆయన ఆ చేతికి షో చెప్పలేకపోయాడు.

అలా మా అక్క కళ్ళు, మా బావ పాక, రెండూ తీసుకెళ్ళి మా కాలేజీ సీసాల మెడకు కట్టారు.

మా కాలేజీలో ఈ పరీక్ష చేయగలిగిన మనిషి ఒక్కరే, పర్యావరణం ల్యాబు చూసే మేడమ్. ఆవిడకు దేని మీదా నమ్మకం లేదు. చేతికి రెండు గడియారాలు పెట్టుకునేది. రెండూ ఒకే టైము చూపిస్తే అనుమానపడేది, తేడా వస్తే సంతోషించేది. క్యాంటీన్‌లో ఉప్మా రుచి చెప్పమంటే మూడు ప్లేట్లు తిని గానీ చెప్పేది కాదు. మూడో ప్లేటు తర్వాత కూడా "ఇంకా తేలలేదు" అనేది.

"పరీక్ష చిన్నదే సార్. సీసా అంటే ఆవు కడుపు అనుకోండి" అని వివరించింది. నడుస్తున్న బయోగ్యాసు గొయ్యిలోంచి పేడనీళ్ళు తెచ్చి సీసాల్లో పోయాలి. అందులో ఉండే సూక్ష్మజీవులే పనివాళ్ళు. కొన్ని సీసాల్లో మన ఎంగిలి వెయ్యాలి, కొన్నింట్లో పచ్చి పేడ. ఒక సీసాలో ఏమీ వెయ్యకుండా ఉత్త పేడనీళ్ళే ఉంచాలి, పనివాళ్ళు తమంతట తాము ఎంత గ్యాసు వదులుతారో తెలియడానికి. ఇంకో సీసాలో తెల్లకాగితం ముక్కలు వెయ్యాలి. కాగితం ఎంత ఇస్తుందో లోకానికంతా తెలుసు గనక, అంత రాకపోతే పనివాళ్ళు దొంగపని చేస్తున్నట్టు. అన్నింటికీ బిరడాలు బిగించి వేడినీళ్ళ తొట్టెలో పెడితే, పుట్టిన గ్యాసు గొట్టంలోంచి వెళ్ళి, నీళ్ళు నింపి బోర్లించిన గాజు గొట్టంలో నీటిని కిందికి తోస్తుంది. నీళ్ళు ఎంత దిగితే గ్యాసు అంత.

"ఎంగిలికీ, పేడకూ మూడేసి సీసాలు పెడదాం" అంది.

"మూడెందుకు మేడమ్?"

"ఒకటి అబద్ధం చెబితే పట్టుకోడానికి ఇంకో రెండు ఉండాలి కదా."

పేడనీళ్ళకు నెల్లిమర్ల రైతు దగ్గరికి వెళ్ళాను. వెళ్ళింది శుక్రవారం. ఆయన భార్య చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "శుక్కురవారం ఇంట్లోంచి పేడ బయటికివ్వం బాబూ. లచ్చిందేవి ఎల్లిపోద్ది. రేపు రండి." శనివారం వెళితే ఆయన పెళ్ళికి పోయాడు. చివరికి ఆయన దయతలచి ఒక గురువారమే డబ్బా నింపి మా ఇంటి గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. నేను ఊళ్ళో లేను. లక్షలాది సూక్ష్మజీవులు మా గుమ్మంలో తిండీతిప్పలూ లేకుండా రోజుల తరబడి నా కోసం ఎదురుచూశాయి. మా వీధి కుక్కలు ఆ రోజుల్లో వేరే వీధికి కాపురం మార్చాయి.

ఎంగిలి మాత్రం అక్క స్వయంగా తెచ్చింది. కొత్త స్టీలు క్యాను, మూతకు ఉతికిన తెల్ల గుడ్డ. రైల్లో ఒళ్ళోంచి దించకుండా తెచ్చింది. మెత్తగా రుబ్బి తెమ్మని మేడమ్ చెప్పింది గనక రుబ్బి తెచ్చింది. మూత తీయగానే ల్యాబంతా ఒక ఘుమఘుమ. పక్క గదిలో పరీక్ష రాస్తున్న కుర్రాళ్ళు పెన్నులు ఆపి గాలి పీల్చారు. మా అక్క హోటల్ ఎంగిలి ఇంకొకరి బిర్యానీని ఓడిస్తుందని నేను గర్వపడ్డాను. అంతకు మించి ఆలోచించలేదు.

మేడమ్ సీసాలు నింపి బిరడాలు బిగించగానే అక్క చెంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసింది. "ప్రభువా, తినగా మిగిలినదాన్ని గంపలకెత్తించినోడివి. మిగిలినదాని ఇలవ నీకు తెలుసు. ఈ సీసాల్ని దీవించు. మా ఆయన పాకని నీ సిత్తం వచ్చినట్టు సెయ్యి."

"పరీక్షకు ముందు ఫలితం కోరకూడదండీ" అంది మేడమ్ మెల్లగా.

"కోరలేదమ్మా, గుర్తు సేసినాను."

ఆ తర్వాత జరిగింది మా కాలేజీ చరిత్రలో ఉండాల్సింది. ఎంగిలి మొదటి సీసాలో గ్యాసు ఎంత జోరుగా పుట్టిందంటే, గొట్టం చాలక బిరడా ఎగిరింది. ఎగిరి ఫ్యాను రెక్కకు కొట్టుకుని, వరండాలోకి దూకి, తనిఖీకి వచ్చిన ప్రిన్సిపాల్ గారి కాఫీలో స్నానం చేసింది. ప్రత్యక్షసాక్షులు ఫ్యాను వరకే ఒప్పుకుంటారు. రెండో సీసా మర్యాదస్తురాలు, రోజూ కొంచెం కొంచెం ఇచ్చుకుంటూ పోయింది. మూడోది మొదట్లో పొంగి, తర్వాత పులిసి, నోరు మూసుకుని కూర్చుంది. పేడ సీసాలు మూడూ శ్రీకూర్మం గుడిలో తాబేళ్ళలా ఎవరి మాటా వినకుండా ఒకే నడక నడిచాయి. కాగితం సీసా ఇవ్వాల్సినంత ఇవ్వలేదు. మా గుమ్మంలో పస్తులున్న పనివాళ్ళు కదా.

మేడమ్ మొహం వెలిగిపోయింది. "ఒకే క్యాను, ఒకే రోజు, ఒకే తొట్టె. మూడు మూడు దారులు! చూశారా సార్!"

"సగటు తీసి ఇచ్చేద్దామా మేడమ్?"

"మీ అక్క మాట, మీ బావ మాట కలిపి సగం చేస్తే నిజం వస్తుందా సార్?"

"రాదు. దెబ్బలాట వస్తుంది."

"ఇదీ అంతే."

అయినా ఫోన్లో ఉన్నదున్నట్టు చెప్పాను. అవతల స్పీకరు పెట్టారు, పాకంతా వింటోంది.

"మొదటి సీసానే నిజం!" అంది అక్క. "బిరడా ఎగిరిపోనాదంటే మరింకేటి కావాల?"

"మూడోది కదే నిజం" అన్నాడు బావ. "మన ఎంగిలి గుణం అది. మొదట మురిపిస్తాది, ఆనక పులిసిపోద్ది. నీలాగే."

"రెండోది ఉంది కదా" అన్నాను.

"దాని గోల మనకెందుకు!" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. వాళ్ళ కాపురంలో ఇద్దరూ ఏకాభిప్రాయానికి రావడం నేను వినడం అదే మొదటిసారి.

పరీక్ష మళ్ళీ చేయాలని మేడమ్ అంది. ఈసారి సరుకు తాను తెస్తానని మా బావ ముందుకొచ్చాడు. పేకాట మానుకుని మరీ వచ్చాడు గనక నాకు అప్పుడే అర్థం కావాల్సింది. గోనెపట్టా కప్పిన బకెట్టుతో బస్సెక్కితే కండక్టరు నరసన్నపేటలో దింపేశాడట. ఇంకో బస్సు వాడు శ్రీకాకుళంలో దింపాడు. ఆఖరికి ఇసక లారీ వెనక, ఇసక మీద కూర్చుని విజయనగరం చేరాడు. పట్టా తీస్తే అరిటాకులు, పిండేసిన నిమ్మచెక్కలు, చింతపిప్పి, కోడెముకలు, నమిలేసిన మునక్కాడలు. అన్నం మెతుకు భూతద్దం పెట్టినా లేదు.

"ఇదేనా బావా?"

"ఇదే. అచ్చంగా ఎంగిలి. కల్తీ లేదు."

ఆ సీసాల నుంచి వచ్చిన గ్యాసు, ఏమీ వెయ్యని ఉత్త పేడనీళ్ళ సీసా కన్నా తక్కువ. మేడమ్ రెండు గడియారాలూ విప్పి మళ్ళీ పెట్టుకుంది. నిమ్మతొక్కల నూనె సూక్ష్మజీవులకు పడదని, పనివాళ్ళను మూర్ఛపోగొట్టిందని చెప్పింది. మా బావ అయితే ఫోన్లో పాట ఒక్కటే పాడలేదు. "సూసినావా! మన ఎంగిలి గేసివ్వడం కాదు, ఉన్న గేసుని కూడా మింగీసినాది! ఒసే, ఇన్నావా?"

ఫోన్లో అక్క దగ్గు వినిపించింది, వెనక కట్టె చిటపటలాడింది. అంతే.

మేడమ్ రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "సార్, ఈ రెండూ ఒకే హోటలువేనా?" అంది. "సీసాలను అనుమానించాం. పేడనీళ్ళను అనుమానించాం. మనుషుల్ని మరిచిపోయాం. పదండి కోటబొమ్మాళి."

హోటల్లో అక్క మమ్మల్ని కూర్చోబెట్టి ముందు భోజనం పెట్టింది. మేడమ్ ఆకు ముందు కూర్చునే విచారణ మొదలుపెట్టింది. "అమ్మా, ఆ రోజు క్యానులో తెచ్చిన ఎంగిలి ఎక్కడెక్కడిది పోగు చేశారు?"

"ఎంగిలేటి తల్లీ?" అక్క నిజంగానే తెల్లబోయింది. "అందులో ఎంగిలి ఒక్క మెతుకు లేదు. గుండిగలోంచి పైపైన తీసి, ఎముకలేరీసి, కరేపాకేరీసి, నెయ్యేసి రుబ్బి తెచ్చినాను."

"నెయ్యా!"

"కాలేజీకి కదా."

మేడమ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అక్క గొంతు పెంచింది. "ఏటమ్మా అలా సూస్తన్నావు? నా తమ్ముడు పని సేసే సోటికి, సదువుకున్నోళ్ళ సేతుల్లోకి, పదిమంది తినీసిన ఎంగిలి ఒట్టుకెళ్ళి పెడతానేటి? పగోడికైనా ఎంగిలి పెట్టలేదు నాను ఈ జన్మలో. గేసు కావాలని నా పరువు తీసుకుంటానా?"

బావ గల్లాపెట్టె మీద కొట్టుకుంటూ నవ్వాడు. "నెయ్యి పోస్తే నా సెప్పు కూడా గేసిస్తాదే!"

అక్క గరిటె తిప్పి అటు చూపించింది. "మరి నీ బకెట్లో మెతుకు లేదేటి? మన హోటల్కొచ్చినోళ్ళు ఆకులూ నిమ్మసెక్కలూ తిని ఎలిపోతన్నారా? నాను పరువు కోసం ఏరినాను. నువ్వు పాక కోసం ఏరినావు. నువ్వు పెద్దమనిషివా?"

బావ నవ్వు సగంలో ఆగింది. మేడమ్ చెయ్యి కడుక్కుని వచ్చి తీర్పు చెప్పింది. "మీరు తెచ్చింది ఆదివారం విందు. ఆయన తెచ్చింది పెంటకుప్ప. సీసా తనకు పెట్టినదాని గురించే చెబుతుంది గానీ పెట్టనిదాని గురించి ఎలా చెబుతుంది? ఈసారి నేనే తీస్తాను. వారం రోజుల ఎంగిలి మొత్తం కావాలి. కోడికూర రోజుదీ, పప్పు రోజుదీ, అన్నీ. రోజూ దాన్ని తరిగి, కలిపి, పరవడానికి నీడపట్టున చదునైన జాగా కావాలి." ఆవిడ కిటికీలోంచి పెరట్లోకి చూసింది. "ఆ పాక బాగుంది."

మా బావ మొహం అప్పుడు చూడాల్సింది.

"అలాగే ఎంగిలి బకెట్టు వంటగదిలో పొయ్యి పక్కన పెట్టుకుని, మీరు రోజూ అక్కడే ఉండి, ప్రతి ఆకూ అందులో పడేలా చూడాలి" అని ఆయనకు పని కూడా అప్పగించింది. "ఏరినట్టు తెలిస్తే మొదట్నుంచీ మళ్ళీ."

ఆ వారం గురించి నాకు తెలిసిన మాటలు చాలవు. పేకాట చాప మీద హోటల్ ఎంగిలి కొండలా పోశారు. దాన్ని కత్తులతో తరిగి, కలిపి, గుండ్రంగా పరిచి, అప్పడంలా నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు పారేసి, మిగిలిన రెండూ మళ్ళీ కలిపి, మళ్ళీ నాలుగు. అలా చేస్తూ పోతే ఆఖరికి ఒక గిన్నెడు మిగులుతుంది, దాన్లో ఆ రోజంతా ఉంటుంది. ఈ పనికి మేడమ్ పేకాట జట్టునే పెట్టింది. మొదట ముక్కులు మూసుకున్నారు. కలపడం, పంచడం అన్నది ఒంట్లో ఉన్న విద్య కదా, కాసేపటికి పౌరుషాలు వచ్చాయి.

"నువ్వు కలపనేదు. పైదే కిందికేసినావు. మళ్ళీ కలుపు."

"ఓలప్పో, కలిపినానురా! ఆ ఎముక ఇందాక నీ వాటాలో లేదేటి?"

"కట్ సెయ్యకుండా ఎలా పంచుతావు?"

నేను వెళ్ళేసరికి ఒకాయన చింతపిప్పి రెండుసార్లు తన వాటాకే వచ్చిందని అలిగి కూర్చున్నాడు. అంత నిజాయితీగా కలిపిన ఎంగిలి భూమ్మీద ఇంకెక్కడా ఉండదని మేడమ్ కూడా ఒప్పుకుంది.

మా బావ సంగతి వేరు. ఆయన పెళ్ళయినప్పటి నుంచీ ఆ వంటగది గుమ్మం దాటలేదు. ఇప్పుడు రెండు బంతులూ అయ్యేదాకా ఆ పొయ్యి పక్కనే స్టూలు వేసుకుని కూర్చోవాలి. మొదటిరోజు దగ్గాడు. రెండోరోజు తుమ్మాడు. ఆదివారం చర్చిలో ఆయన కళ్ళు మూయగానే ధారలు కట్టాయి. పక్కన అక్కవి ఎలాగూ కారుతున్నాయి. పాస్టరు గారు భార్యాభర్తలను చూసి పొంగిపోయి మొదటి నుంచి మళ్ళీ అందుకున్నారు. ఆ రోజు సంఘంలో ఎవరూ పగలు అన్నం తినలేదు.

ఇంటికొస్తూ ఆయన అక్కతో అన్న మాట అక్కే నాకు చెప్పింది. "ఒసే, ఇన్నేళ్ళు ఈ పొగలో ఎలాగున్నావే?" అన్నాడట. "కళ్ళు మూసుకొని" అందట.

ఈసారి పేడనీళ్ళు వేడివేడిగా, బుధవారం నాడే తెచ్చాం. కాగితం సీసా ఇవ్వాల్సినంత ఇచ్చింది. కొన్ని వారాల తర్వాత మేడమ్ ఫలితంతో కోటబొమ్మాళి వచ్చింది. పాక ముందు అందరం చేరాం. పాకలో కూర్చునే వీలు లేదు, చాప వాసన ఎన్ని కడుగులకూ పోలేదు.

"ఎంగిలి సీసాల్లో రెండు, పేడ కన్నా బాగా ఎక్కువ ఇచ్చాయి. ఒకటి పేడకు దగ్గర్లోనే ఆగింది" అంది మేడమ్. "అన్నీ చూస్తే ఎక్కువే అనిపిస్తోంది."

"అనిపిస్తాదేటమ్మా?" అన్నాడు బావ. "వస్తాదా, రాదా? ఒక్క ముక్క సెప్పు."

"ఒక్క ముక్కలో చెప్పేది ఈ పరీక్షలో లేదండీ. సీసాలో వెచ్చగా, కొంచెమే పెట్టి, జాగ్రత్తగా చూసుకుంటే ఎంత రాగలదో చెబుతుంది. మీ గొయ్యిలో అంతా రాదు. రోజూ కొద్దికొద్దిగా మేపితే దగ్గరికి వస్తుంది. విందు రోజు ఉన్నదంతా ఒకేసారి పోశారో, మొదటి పరీక్షలో మూడో సీసాలా పులుస్తుంది. నిమ్మచెక్కలు పోశారో, మూర్ఛపోతుంది."

జట్టు ముగ్గురూ మా బావ వైపు చూశారు. పందెం అటూ తేలలేదు, ఇటూ తేలలేదు. ఆయన పాకను చూశాడు. దాని మీద ఈగలను చూశాడు. తర్వాత వంటగది వైపు చూశాడు. లోపల అక్క గొట్టంతో పొయ్యి ఊదుతోంది, ఊది మొహం పక్కకు తిప్పుకుని చెంగుతో కళ్ళు నొక్కుకుంటోంది. ఈ పంచాయితీకి ఆమె బయటికి కూడా రాలేదు. అన్నం దించాలి కదా.

బావ లేచి తాటాకు కప్పు అంచు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. సగం పాక ఆయన నెత్తినే పడింది. దుమ్ములోంచి గొంతొక్కటే వచ్చింది. "ఏటలా సూస్తన్నారు? రెండు సీసాలు ఎక్కువిచ్చినాయంది కదా. మూడింట్లో రెండంటే మన ఆటలో సాలదేటి? ఒట్టండి ఆ దుంగ!"

గొయ్యి తవ్వారు, ఇటుక కట్టారు, డ్రమ్ము బోర్లించారు. నెల్లిమర్ల నుంచి పేడనీళ్ళు ట్రాక్టరు మీద వచ్చాయి. మేపే పని బావే తీసుకున్నాడు. పొయ్యి పక్క స్టూలు అలవాటైపోయింది కాబోలు, నిమ్మచెక్కలు ఏరి పక్కన పడేసేవాడు. డ్రమ్ము రోజూ వేలెడంత లేచేది. అది లేచినప్పుడల్లా ఆయన ఫోను చేసి, పిల్ల నిలబడుతోందన్నట్టు చెప్పేవాడు.

మొదటిసారి వెలిగించే రోజున మేడమ్‌నూ, నన్నూ పిలిచారు. మిట్టమధ్యాహ్నం. వంటగది తలుపులన్నీ తెరిచి పెట్టారు, లోపలంతా ఎండ. బావ కొత్త పొయ్యి తిప్పి అగ్గిపుల్ల చూపించాడు. ఏమీ కనిపించలేదు.

"రాలేదు" అన్నాడు బావ. "ఒసే, రాలేదే."

"వచ్చినాది. సన్నంగా సప్పుడు ఇనిపిస్తన్నాది" అంది అక్క.

"సప్పుడుతోటి అన్నం ఉడుకుతాదేటి? మంటేదీ? ఎక్కడున్నాదీ?" అని ఆయన పొయ్యి మీదికి వంగి, ఇంకా వంగి, దాదాపు దాన్ని ముద్దు పెట్టుకోబోయాడు. ఆ గ్యాసు మంట ఎండలో కనపడదని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే చుర్రుమంది. బావ వెనక్కి గెంతాడు. ఆయన మీసంలో ఎడమ సగం లేదు. ఉన్నచోట చిన్న పొగ. ఆ వంటగదిలో ఆ రోజు లేచిన పొగ అదొక్కటే.

"తేలిపోయింది మేడమ్! గ్యాసు వస్తోంది!" అని అరిచాను.

మేడమ్ దగ్గరికొచ్చి, మా బావ మొహాన్ని అటూ ఇటూ తిప్పి జాగ్రత్తగా చూసింది. "ఒక్క ఫలితంతో తేల్చకూడదు సార్" అంది. "కుడివైపు ఇంకా ఉంది కదా."

బావ రెండు చేతులతో మూతి కప్పుకున్నాడు. అక్క ఇద్దర్నీ చెరో మోచేత్తో పక్కకు నెట్టి, నీళ్ళ గుండిగ ఎత్తి ఆ కనపడని మంట మీద పెట్టింది. "సీసాలూ మీసాలూ తరవాత సూద్దురు గాని. జరగండి, ఎసరు పెట్టాల."